6 అడుగుల ట్యాంక్, గొడవపడే సిక్లిడ్లు: ఏవి వేయాలి, ఎన్ని వేయాలి?

కొంపల్లి_కిరణ్
అందరికీ నమస్కారం. కొత్త ఇంట్లో ఫస్ట్ ఫ్లోర్ హాల్లో పెద్ద ట్యాంక్ పెట్టిస్తున్నాను. 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు, 12 ఎంఎం గాజు. ఇన్నాళ్లూ గప్పీలు, మాలీలు, ఏంజెల్స్ పెంచాను గానీ సిక్లిడ్లనే ఈ గొడవపడే చేపల కుటుంబం జోలికి పోలేదు. నేననుకుంటున్న లిస్ట్ ఇది: ఆరటస్ 4, కెన్యీ 4, ఎల్లో ల్యాబ్ 4, పీకాక్ మగవి 6, ఆస్కార్లు 2, చూడ్డానికి బాగుంటుందని ఒక ఫ్లవర్‌హార్న్. ఇంత పెద్ద ట్యాంక్ కదా, ఎవరి మూల వాళ్లు చూసుకుంటారని నా లెక్క. షాపతను కూడా "పిల్లలప్పటి నుంచి కలిపి పెంచితే ఏం కాదు సార్, అలవాటు పడిపోతాయి" అన్నాడు. బోరు నీళ్లే, టీడీఎస్ 780 చూపిస్తోంది. ఆర్‌ఓ పెట్టించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతతొట్టి
కిరణ్ గారూ, ముందు ఒక మాట. ఏంజెల్ కూడా సిక్లిడే. జత కట్టిన ఏంజెల్స్ గుడ్లు పెట్టాక మిగతా చేపల్ని ఆ చివరికి తరమడం మీరు చూసే ఉంటారు. మీ లిస్ట్‌లో ఉన్నవాటికి ఆ బుద్ధి పదింతలు.

లిస్ట్‌లో మూడు వేర్వేరు ప్రపంచాలున్నాయి. ఆస్కార్ దక్షిణ అమెరికాది, అడుగు దాకా పెరుగుతుంది, నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టలేదు. మధ్య అమెరికా సిక్లిడ్లను కలిపి 1990లలో మలేషియాలో తయారుచేసిన సంకరం. అది ఆరడుగులూ నావే అంటుంది. మిగతావన్నీ ఆఫ్రికాలోని మలావీ సరస్సువి. వాటిలోనూ కెన్యీ, ఆరటస్, ఎల్లో ల్యాబ్ రాళ్ల మధ్య బతికే ఎంబునా జాతులు. పీకాక్‌లు ఇసుక మీద మేత వెతుక్కునే నెమ్మదైన చేపలు. ఎంబునాల మధ్య పీకాక్ మగ రంగు పోగొట్టుకుని మూల చేరుతుంది, ఆ రంగు కోసమే కదా మీరు కొనేది!

షాపతను చెప్పినది సగం నిజం. రెండున్నర, మూడు అంగుళాల దాకా అలవాటుగానే ఉంటాయి. ఆ తర్వాత మగవాటికి రంగు వస్తుంది, రంగుతో పాటే అసలు కథ మొదలవుతుంది.

ఆర్‌ఓ వద్దు. మలావీ నీళ్ల పీహెచ్ సుమారు 7.8 నుంచి 8.6. మన బోరు నీళ్లలో చాలావరకు ఈ చేపలకు సరిపోతాయి. కాకపోతే టీడీఎస్ ఒక్కటే చూసి నిర్ణయించకండి, అందులో ఏ లవణాలున్నాయో ఆ అంకె చెప్పదు. నీటి కాఠిన్యం చెప్పే జీహెచ్, కేహెచ్ టెస్ట్ కిట్ కొనండి. బోరు నుంచి అప్పుడే పట్టిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి పీహెచ్ తక్కువ చూపిస్తుంది. డ్రమ్ములో పట్టి, రాత్రంతా గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, పొద్దున కొలవండి.

సైట్_ఇంజనీర్
చేపల సంగతి నాకు పెద్దగా తెలియదు, నా దగ్గరున్నది ఒక్క ఫైటర్. కానీ ఫస్ట్ ఫ్లోర్ అన్నారు కాబట్టి రాస్తున్నా. 24 ఘనపు అడుగులంటే 680 లీటర్లు, అంటే 680 కిలోలు. గాజు 120 కిలోలకు పైనే. రాళ్లు, ఇసుక, స్టాండ్ కలిపితే టన్ను దగ్గరికి వస్తుంది. ఇళ్ల స్లాబులకు కోడ్ ప్రకారం వేసుకునే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 200 కిలోలు. మీ ట్యాంక్ కూర్చునే చోటు 1.1 చదరపు మీటర్లే. స్లాబ్ మధ్యలో పెట్టకండి. కింద బీమ్ ఉన్న గోడకు ఆనించి పెట్టండి. అంతకంటే ముందు, ఇల్లు డిజైన్ చేసిన ఇంజనీరుకు ప్లాన్ చూపించి ఒప్పించుకోండి. "మా బావ ఇంట్లో ఉంది, ఏం కాలేదు" అనే లెక్క నమ్మొద్దు.

కొంపల్లి_కిరణ్
సార్, ఇది నా తలకు తట్టనే లేదు. థ్యాంక్స్. ప్లాన్ మా మేస్త్రీ దగ్గరుంది, రేపే ఇంజనీరు గారికి ఫోన్ చేస్తా. పాతతొట్టి గారూ, ఆస్కార్లూ ఫ్లవర్‌హార్నూ తీసేశా. మా అబ్బాయి అలిగాడు, అది వేరే విషయం.

వైజాగ్_రెడ్‌డెవిల్
తమ్ముడూ, అబ్బాయిని అలగనివ్వకు. మొత్తం ప్లానే మార్చు. ఆరడుగుల్లో మధ్య అమెరికా సిక్లిడ్లు ఒక్క జత వేసి చూడు. నా దగ్గర రెడ్ డెవిల్ జత ఉంది. గాజు దగ్గరికి వేలు తెస్తే మొప్పలు విప్పుకుని వస్తుంది మగది. ఇంటికొచ్చిన చుట్టాలు టీవీ వైపు చూడరు. నలభై చేపల గుంపులో దేనికీ పేరు కూడా పెట్టలేం. పైగా ఆఫ్రికన్ సిక్లిడ్ల వాళ్లంతా ట్యాంక్‌ని కిక్కిరిసేలా నింపమంటారు, అది నాకెప్పుడూ మింగుడుపడదు. ఇరుకులో పెడితే కొట్లాట తగ్గుతుందంటే ఎలా నమ్మాలి?

పాతతొట్టి
ఇక్కడ తేడా వస్తోంది రెడ్‌డెవిల్ గారూ. మీవి జతకట్టి గుడ్లు, పిల్లల్ని కాసే చేపలు. వాటికి మందలో ఉండటం రాదు. ఎంబునాలో జత ఉండదు. మగది ఒక రాతి గుహ పట్టుకుని, వచ్చిన ప్రతి ఆడదాన్నీ పిలుస్తుంది, వచ్చిన ప్రతి మగదాన్నీ తరుముతుంది. పది చేపలుంటే ఆ తరమడమంతా ఒకటి రెండు బలహీనమైన వాటి మీద పడుతుంది. నలభై ఉంటే ఒకదాని వెంట పడేలోపు ఇంకొకటి అడ్డం వస్తుంది. రష్‌గా ఉన్న బస్సులో ఈ సీటు నాది అని ఎవరూ గీత గీసుకోలేరు, అదీ సంగతి.

వైజాగ్_రెడ్‌డెవిల్
ఏ ఊరి బస్సండీ అది? మా 28వ నంబర్ ఎక్కి చూడండి, కిటికీ పక్క సీటుకు చేతిరుమాలు వేసి మరీ కొట్టుకుంటారు.

లలిత_వరంగల్
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. గుంపు పెంచినంత మాత్రాన గొడవ తగ్గదు. గుంపులో ఆడవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. ప్రతి జాతిలో ఒక మగకు కనీసం మూడు, నాలుగు ఆడవి ఉండాలి. లేకపోతే మగదాని ఒత్తిడంతా ఒక్క ఆడదాని మీద పడి, అది మేత మానేసి చచ్చిపోతుంది. నాలుగేసి చొప్పున మూడు జాతులు అన్న కిరణ్ గారి లెక్కలో ఇదే లోపం. పిల్లలప్పుడు కొంటే ఆడా మగా తెలియదు. అందుకే ప్రతి జాతిలో ఎక్కువ పిల్లల్ని తెచ్చి, పెరిగాక అదనపు మగవాటిని తీసేయాలి.

రెండోది, ఒకదానికొకటి పోలిక ఉన్న జాతుల్ని కలపకూడదు. మగది తనలా కనిపించేదాన్నే ముందు కొడుతుంది. డెమసోనీ, సౌలోసీ రెండింటి మగవీ నీలం మీద నల్ల చారలే, కలిపితే యుద్ధం, పైగా సంకరం పిల్లలు. సౌలోసీ ఆడవి పసుపు, ఎల్లో ల్యాబ్ కూడా పసుపు, అదీ ఇబ్బందే.

కెన్యీ వద్దు. దాని సంగతి తమాషాగా ఉంటుంది, కొన్ని జాతుల్లో మగది నీలం, ఆడది పసుపు అయితే ఇందులో తిరగబడింది. పిల్లలన్నీ నీలంగా ఉంటాయి, పెరిగాక మగది పసుపు తిరుగుతుంది, ఆ రంగు తిరిగేసరికి ట్యాంక్‌లో సగం చేపల తోకలు చిరిగి ఉంటాయి. ఆరటస్ అంతకంటే మొండిది.

డాలస్_వేణు
లలిత గారి మాటకు నాదొక ప్లస్ వన్. ఇక్కడ డాలస్‌లో కుళాయి నీళ్లలో క్లోరమైన్ కలుపుతారు, కాబట్టి దాన్ని పోగొట్టే కండిషనర్ మందు లేకుండా చుక్క నీళ్లు మార్చలేం. మీకు బోరు నీళ్లు, ఆ గోల లేదు, అదృష్టవంతులు.

చేపలు కొట్లాటను ఎలా చూస్తాయో చెప్పే ఒక పరిశోధన ఉంది. టాంగన్యికా సరస్సు ప్రాంతపు బర్టోని అనే సిక్లిడ్ మీద స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేశారు, 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. ఐదు మగ చేపలు జతలుగా కొట్టుకుంటుంటే ఒక మగదాన్ని గాజు అవతల నుంచి చూడనిచ్చారు. ఒకదాన్ని ఇంకొకటి, దాన్ని మరొకటి ఓడించడం చూసి, ఎన్నడూ ఎదురుపడని రెండింటిలో బలహీనమైనది ఏదో అది పసిగట్టింది, దాని వైపే వెళ్లింది. అంటే మన ట్యాంక్‌లో ఒక చేప ఓడిపోతే ఆ కబురు అందరికీ తెలుస్తుంది. దెబ్బలు తిన్నదాన్ని "రెండు రోజులు చూద్దాం" అని వదిలేయకూడదు. అదే జాతిలో ఇంకో సంగతి. పెద్ద మగదాన్ని తీసేస్తే, అణిగి ఉన్న మగది నిమిషాల్లో రంగు మార్చుకుని పెత్తనం మొదలుపెడుతుంది. ఒక రౌడీని తీసేస్తే సమస్య తీరిపోయిందని అనుకోవద్దు, రెండోవాడు వెనకే ఉంటాడు.

సూళ్లూరుపేట_శ్రీను
అందరూ ఆఫ్రికా, అమెరికా అంటున్నారు. మన దేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. మా పులికాట్‌లో దొరికే గ్రీన్ క్రోమైడ్ అందులో ఒకటి. కేరళ వాళ్లకు అదే కరిమీన్, 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. రెండోది ఆరెంజ్ క్రోమైడ్. ఈ రెండింటినీ కలిపి పెంచితే ఆరెంజ్ క్రోమైడ్ తనకంటే పెద్దదైన గ్రీన్ క్రోమైడ్ ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరుకు తింటుంది. అదే చేప అవకాశం దొరికితే పెద్దదాని గుడ్లూ పిల్లల్నీ కూడా తింటుంది. వైద్యుడే దొంగ! మీ బోరు నీళ్లకు కొంచెం ఉప్పు కలిపితే రాజభోగం వాటికి. రంగు అంత ఉండదు, కానీ వెండి మచ్చలు లైట్ కింద భలే ఉంటాయి.

బ్రో_ఫిష్
అన్నా మేం దాన్ని వేపుడు చేసుకుంటాం 😀

సూళ్లూరుపేట_శ్రీను
మేమూ చేసుకుంటాం బ్రో. ట్యాంక్‌లోది వేరు, పళ్లెంలోది వేరు.

కొంపల్లి_కిరణ్
శ్రీను గారి ఐడియా బాగుంది. మా ఇంట్లో మాత్రం రంగులు కావాలంటున్నారు. మలావీకే ఫిక్స్. ఇంజనీరు గారు ప్లాన్ చూసి, బీమ్ ఉన్న గోడ పక్కన పెట్టుకోవచ్చన్నారు. ఇప్పుడు రాళ్ల గురించి చెప్పండి. ఏ రాయి వాడాలి? షాపులో కిలోల లెక్కన అమ్మే రాళ్ల రేటు చూస్తే కళ్లు తిరిగాయి.

పాతతొట్టి
హైదరాబాద్‌లో ఉండి రాళ్లు కొనడమేమిటండీ! గ్రానైట్ నీళ్లలో ఏమీ వదలదు, ధైర్యంగా వాడండి. తాండూరు రాయి, కడప రాయి సున్నపురాళ్లు, నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి పీహెచ్ పైకి లాగుతాయి. వేరే చేపలకైతే వద్దంటాం, మలావీ వాటికి మంచిదే. అనుమానం ఉన్న రాయి మీద నిమ్మరసం పిండండి, బుడగలొస్తే సున్నం ఉన్నట్టు. గుడ్డులాంటి గుండ్రాళ్లు జారుతాయి, ఒక వైపైనా బల్లపరుపుగా ఉన్నవి ఏరండి. పలకలైతే అంచులు రుద్దించండి. తరిమినప్పుడు ఒళ్లు గీసుకుపోతుంది.

ముందు రాళ్లు పేర్చి తర్వాతే ఇసుక పోయాలి. ఇవి నోటితో ఇసుక తోడి గుంతలు చేస్తాయి, రాయి ఇసుక మీద నిలబడి ఉంటే ఒక రోజు గాజు మీదికి ఒరుగుతుంది. అడుగు గాజు మీద పలుచటి ప్లాస్టిక్ గ్రిడ్ పరిచి దాని మీద పేర్చండి. ట్యాంక్ నిండా ఒకే గోడలా కట్టొద్దు. మూడు గుట్టలు, మధ్యలో ఖాళీ, ఒక్కో గుట్ట ఎత్తు ట్యాంక్‌లో సగానికి పైన. ఈ చివర ఉన్న మగదానికి ఆ చివర ఉన్నది కనపడకూడదు. కనపడకపోతే సగం గొడవ లేదు. ప్రతి గుహకు రెండు దారులుండాలి, లేకపోతే దాక్కున్న చేప లోపలే ఇరుక్కుపోతుంది.

లలిత_వరంగల్
రాళ్లూ ఇసుకా పోగా మీకు నికరంగా మిగిలేది 550 లీటర్ల దాకా. నేనైతే ఇలా వేస్తా:

ఎల్లో ల్యాబ్ 10. అన్నిట్లోకీ నెమ్మది. మొదటిసారి పెంచేవాళ్లకు ఇంతకంటే మంచి చేప లేదు.
రస్టీ 8. ఊదా, ఇటుక రంగుల మధ్య ఉంటుంది, ఫొటోల్లో ఏమంత బాగుండదు, ట్యాంక్‌లో చూడాలి.
ఏసీ 8. నీలం ఒళ్లు, పసుపు తోక. గుంపుగా నీళ్ల మధ్య, పై భాగంలో ఈదుతుంది కాబట్టి కింద రాళ్ల కోసం పెద్దగా పోటీ పడదు.
డెమసోనీ 15. ఇది వేస్తే పన్నెండుకు తగ్గకూడదు, లేదా అసలు వద్దు. మూడంగుళాల చేప, తన జాతి మీద తనకే పగ. ఐదారు వేస్తే ఒక్కొక్కటే తగ్గుతూ చివరికి ఒకటి మిగులుతుంది.

వేసే వరుస కూడా ముఖ్యం. నెమ్మదైనవి ముందు, డెమసోనీ చివర. గట్టి చేప ముందు దిగితే ట్యాంకంతా తనదే అనుకుంటుంది.

వైజాగ్_రెడ్‌డెవిల్
41 చేపలు! ఒప్పుకుంటా, చారలూ రంగులూ తిరుగుతుంటే బాగుంటుంది. మరి వాటి మురికి మాటేమిటి? నా జతకే వారానికి మూడో వంతు నీళ్లు మారుస్తా.

పాతతొట్టి
మంచి ప్రశ్న. రష్ పెంచితే ఫిల్టర్ కూడా ఆ స్థాయిలో ఉండాలి, లేకపోతే గొడవల బదులు అమ్మోనియా చంపుతుంది. ఈ సైజుకు కింద సంప్ (నీళ్లు వడకట్టే రెండో తొట్టి) పెట్టడమే మేలు. పంపు గంటకు ట్యాంక్ నీళ్లను కనీసం ఐదారు సార్లు తిప్పాలి. వారం వారం మూడో వంతు నీళ్ల మార్పు ఎంబునాలకూ తప్పదు. అది చేయలేనంటే 41 కాదు, 20 కూడా వద్దు.

చేపలు వేయకముందే ఫిల్టర్ సైకిల్ కావాలి. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ట్యాంక్ నుంచి బాగా నడుస్తున్న స్పాంజ్ ముక్క తెచ్చి సంప్‌లో వేస్తే ఇంకా త్వరగా అవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు.

కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపులు రెండు ఇన్వర్టర్ మీద ఉండాలి. ఎండాకాలం నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఇంత గుంపుకు అది చాలా ప్రమాదం. నీటి మీద చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో హీటర్ కావాలి, 300 వాట్లవి రెండు పెట్టండి, ఒకటి చెడిపోయినా రెండోది నిలబెడుతుంది.

లలిత_వరంగల్
మేత గురించి ఎవరూ అనలేదు. ఎంబునాల్లో చాలావరకు రాళ్ల మీది నాచు గీక్కుని తినేవి. స్పైరులినా ఉన్న గుళికలు వేయండి. ఎర్రపురుగులు, మాంసం వద్దు. మొదట్లో ముద్దుగా తింటాయి, తర్వాత పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలాంటి రెట్ట వేసి, మేత మానేస్తాయి. బ్లోట్ అంటారు, ముదిరితే బతికించడం కష్టం. ఒక్క నిమిషంలో అయిపోయేంతే వేయాలి. మీ అబ్బాయి చేతికి డబ్బా ఇవ్వకండి, గప్పీలకు వేసినట్టు వేస్తాడు.

కొంపల్లి_కిరణ్
అప్‌డేట్. ట్యాంక్ నడుస్తోంది. లలిత గారి లిస్టే వేశాను, అన్నీ పిల్లలే. రస్టీలు దొరకడానికి టైం పట్టింది, చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించాను. మొదట్లో అంతా ప్రశాంతం. ఇప్పుడు డెమసోనీ లాట్‌లో ఒకటి మిగతావాటికంటే లేతగా ఉండి, త్వరగా పెరిగి, పక్కల నుంచి పసుపు తిరుగుతోంది. మధ్య గుట్ట మొత్తం దానిదే. ఒక ఏసీ చేప పైన మూలలో, హీటర్ వెనక, రెక్కలు ముడుచుకుని నిలబడి ఉంది. తోక సగం లేదు. టెన్షన్‌గా ఉంది.

లలిత_వరంగల్
ఫొటో చూశా. అది డెమసోనీ కాదు, కెన్యీ మగది. పిల్లలప్పుడు లాట్‌లో కలిసిపోవడం మామూలే. తీసేయాల్సిందే. అంతకంటే ముందు ఏసీని ఈ పూటే వేరే తొట్టిలోకి మార్చండి. అదే నీళ్లు, ఎయిర్ స్టోన్, చిన్న స్పాంజ్ చాలు. తోక మళ్లీ వస్తుంది.

బ్రో_ఫిష్
సింపుల్ అన్నా. మీ దగ్గర్లో చెరువుంది కదా, కెన్యీని అందులో వదిలేయ్. దానికీ ఫ్రీడమ్, నీకూ ప్రశాంతం.

పాతతొట్టి
ఈ మాట ఇంకెక్కడా రాయకు నాయనా. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా, అదీ సిక్లిడే, ఇప్పుడు ఏ చెరువులో లేదు చెప్పు! అక్వేరియంలో గాజు నాకుతుందని కొన్న సక్కర్ చేప పెద్దదయ్యాక ఎవరెవరో వదిలితే, ఇవాళ చేపల చెరువుల రైతులు డెవిల్ ఫిష్ అని నెత్తి కొట్టుకుంటున్నారు. షాపుకు తిరిగి ఇవ్వాలి, లేదా పెంచేవాళ్లకు ఇవ్వాలి. మూడో దారి లేదు.

బ్రో_ఫిష్
ఓకే ఓకే మాస్టారు, డిలీట్ చేయమంటే చేస్తా.

పాతతొట్టి
ఉండనీ. చదివినవాళ్లకు కింద జవాబు కూడా కనపడాలి.

డాలస్_వేణు
కిరణ్, పగలు వల వేసి తరిమితే రాళ్ల కిందికి దూరి అందర్నీ బెదరగొడుతుంది. రాత్రి లైట్లన్నీ ఆపేశాక గంట ఆగి, టార్చ్ వేసి చూడండి. అప్పుడు మందకొడిగా ఉంటాయి. రెండు వలలు వాడండి, ఒకటి కదలకుండా పట్టుకోవాలి, రెండోదాంతో మెల్లగా అందులోకి తోలాలి. కుదరకపోతే నీళ్లు సగానికి తోడి, ఆ గుట్ట రాళ్లు తీసి పట్టడమే. ఎలాగూ రాళ్లు తీస్తారు కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు పేర్పు మార్చేయండి. ఏసీని వెనక్కి వేసేది అప్పుడే. గుహలన్నీ కొత్తవైతే పాత హద్దులుండవు, అందరూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

వైజాగ్_రెడ్‌డెవిల్
ఆ కెన్యీ నాకు పంపు తమ్ముడూ. ఖాళీ నాలుగడుగుల ట్యాంక్ ఉంది. ఒంటరిగా రాజులా ఉంటాడు.

కొంపల్లి_కిరణ్
దొరికాడు! నీళ్లు సగం తోడితే గానీ చిక్కలేదు. వైజాగ్ అన్నా, మా బావమరిది శనివారం రైల్లో వస్తున్నాడు, బ్యాగ్‌లో ఆక్సిజన్ కొట్టించి ఇస్తా. ఏసీ మేత తింటోంది.

ఇంకో డౌట్. ఒక ఎల్లో ల్యాబ్ నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు. గవద కింద ఉబ్బింది. బ్లోటేనా? మెట్రోనిడజోల్ వేయమంటారా?

లలిత_వరంగల్
మందు ఏమీ వేయకండి! బ్లోట్‌లో ఉబ్బేది పొట్ట, గవద కాదు. దగ్గరగా చూడండి, నోట్లో ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతూ ఉంటుంది, అవునా? గుడ్లు నోట్లో పెట్టుకుంది. ఎంబునాల్లో ఆడదే నోట్లో పొదుగుతుంది, మూడు వారాల దాకా దాదాపు ఏమీ తినదు. పిల్లలు కావాలంటే చివరి వారంలో దాన్ని చిన్న తొట్టిలోకి మార్చండి, వద్దంటే అలాగే వదిలేయండి, రాళ్ల సందుల్లో ఒకటీ అరా బతుకుతాయి. పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి, ఎన్ని రోజులదో చూసి చెప్తాను.